కజిన్ అన్నాను

జమ్మలమడుగులో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో నేను ఇంగ్లీషు చెబుతాను. కాపురం ప్రొద్దుటూరులో. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం మళ్ళీ బస్సెక్కి రావడం. ఇరవై ఏళ్ళుగా ఇదే.

ఒకరోజు ఫస్టియర్ క్లాసులో బంధుత్వాలకు సంబంధించిన ఇంగ్లీషు పదాలు చెబుతున్నాను. పెద్దముడియం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "మేడం, మనోళ్ళు అనేదానికి ఇంగ్లీషులో ఏమంటారు?" అని అడిగింది.

బోర్డు మీద వరసగా రాశాను. ఫ్యామిలీ. రిలేటివ్స్. కిన్. కిండ్రెడ్. క్లాన్. ఫ్యామిలీ అంటే అమ్మా నాన్నా పిల్లలూ అన్నాను. రిలేటివ్స్ అంటే చుట్టాలు. కిన్ అంటే రక్తం పంచుకున్నవాళ్ళు, కిండ్రెడ్ కూడా అదే, కాకపోతే పాత మాట. క్లాన్ అంటే ఒక తాత నుంచి వచ్చామని చెప్పుకుంటూ ఒకరికొకరు నిలబడేవాళ్ళు. ఆ అమ్మాయికి ఏదీ నచ్చలేదు.

"చుట్టాలు వేరే, మనోళ్ళు వేరే గదా మేడం. మా నాయనకు కాలు ఇరిగినప్పుడు మా శెనగ కోసిచ్చినోళ్ళు మనోళ్ళు. పెండ్లికొచ్చి తినిపోయేటోళ్ళు చుట్టాలు."

క్లాసంతా నవ్వింది. వెనక నుంచి ఒకడు, "ఫ్యాక్షన్ అని రాయండి మేడం" అన్నాడు. ఇంకా గట్టిగా నవ్వారు. మా వైపు మనుషులు ఒకరి కోసం ఒకరు నిలబడితే ఇంగ్లీషు పేపర్లు వాడే మాట అదొక్కటే. శెనగ కోసిచ్చినవాళ్ళ గురించి ఏ పేపరూ రాయదు. ఆ పిల్లకు నేను చెప్పగలిగిన జవాబు కూడా అంతే. దగ్గరగా వచ్చే మాటలు ఉన్నాయి, సరిపోయే మాట లేదు.

ఆ వారమే పెట్టిన పరీక్షలో సగం మంది 'కజిన్ బ్రదర్' అని రాశారు. ఎర్ర పెన్నుతో 'బ్రదర్' కొట్టేసి అర మార్కు తీసేశాను. కజిన్ అంటే కజినే, చిన్నాన్న కొడుకైనా మేనత్త కూతురైనా ఒకటే మాట, పక్కన అన్న అనీ తమ్ముడు అనీ తగిలించకూడదు అని చెప్పాను. "అట్లయితే తమ్మునికీ బావకూ తేడా ఎట్ల తెలుస్తాది మేడం?" అని ఎవరో అడిగారు. "తెలియదు. వాళ్ళకు అక్కర్లేదు" అన్నాను. తెలిసినదాన్ననే గర్వంతో అన్నాను.

అప్పటికి నా తమ్ముడు బాగానే ఉన్నాడు. పులివెందులలో బోరు మోటార్లు రిపేరు చేసే అంగడి పెట్టుకుని ఉన్నాడు.

తమ్ముడు అంటున్నాను. వాడు మా చిన్నాయన కొడుకు. మా ఊళ్ళో పెద్దనాయన వేరే ఇంట్లో ఉండేవాడు. మా నాయన, చిన్నాయన ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద బతికారు. మా అమ్మకు ఉబ్బసం. నాకు తెలివి వచ్చినప్పటి నుంచి నాకు తలదువ్వి జడలు వేసింది, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది చిన్నమ్మే. నాకు పదేళ్ళప్పుడు తమ్ముడు పుట్టాడు. నాకు వేరే తోబుట్టువులు లేరు. వాడికీ లేరు.

నేను పదో తరగతి ప్యాసయ్యాక చదువు ఆగిపోవాల్సింది. ఊళ్ళో కాలేజీ లేదు, హాస్టల్లో సీటు రాలేదు. మా నాయన ఇంక చాలన్నాడు. చిన్నమ్మ ఒప్పుకోలేదు. "నేను పోతా ప్రొద్దుటూరికి, దాన్ని పిలుచుకొని" అంది. అన్నట్టే మొగుణ్ణీ, చేనునూ వదిలిపెట్టి, ఆరేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చి ప్రొద్దుటూరులో ఒంటి గది బాడుగకు తీసుకుంది. రెండేళ్ళనుకున్నది ఐదేళ్ళయింది. నా డిగ్రీ అయ్యేదాకా ఆ గదిలోనే కిరసనాయిలు స్టవ్వు మీద వండిపెట్టింది. నేను ఇంగ్లీషు పైకి చదువుతుంటే ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎదురుగా కూర్చునేది. నేను ఆపితే, "ఏం, ఆపినావు? సదువు" అనేది. తమ్ముణ్ణి పక్క సందులో బడిలో వేశాం. చిన్నమ్మకు సంతకం రాదు కాబట్టి వాడి ప్రోగ్రెస్ కార్డుల మీద నేనే చేసేదాన్ని. విద్యార్థికి ఏమవుతారు అనే గడిలో 'సిస్టర్' అని రాసేదాన్ని. ఎవరూ కాదనలేదు.

వాడికి చదువు పెద్దగా అబ్బలేదు. ఐటీఐ చేశాడు. కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టే పని బాగా పట్టుబడింది. వేంపల్లె పిల్లను చేసుకుని పులివెందులలో అంగడి పెట్టాడు. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నాయన పోయాక చిన్నమ్మ కూడా వాడి దగ్గరికే వెళ్ళింది. ఎండాకాలంలో బోర్లు ఎండి మోటార్లు కాలిపోతుంటే రైతులు వాడి అంగడి ముందర కూర్చుని ఉండేవాళ్ళు. చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లు, వాడిపోతున్నాయని వాళ్ళ తొందర. వాడు ఒక్కరిమీదా విసుక్కునేవాడు కాదు.

ముప్పై ఆరో ఏట వాడి కాళ్ళు వాచాయి. రోజంతా కూర్చుని తీగ చుట్టడం వల్లేమో అనుకున్నాడు. మొఖం ఉబ్బింది. అన్నం చూస్తే వాంతి. కడపలో డాక్టరు రక్తం పరీక్ష చేయించి, స్కానింగు తీయించి, రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయని చెప్పాడు. బీపీ ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు. ఎప్పుడూ చూపించుకోలేదు.

వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్నారు. మొదట్లో పులివెందులలో ఖాళీ దొరకలేదు, ప్రొద్దుటూరులో దొరికింది. సోమవారం, గురువారం. అప్పుడు చూశాను, ఆ పిల్ల క్లాసులో అడిగిన మనోళ్ళంటే ఎవరో. వాడి పెళ్ళాం మేనమామకు వేంపల్లెలో షేర్ ఆటో ఉంది. ఆ రెండు రోజులూ గిరాకీ మానుకుని పులివెందులకు పోయి, వాణ్ణి ఎక్కించుకుని తీసుకొచ్చేవాడు. మా పెద్దనాయన కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద, నేను అన్నా అని పిలిచే మనిషి, ఊరి నుంచి వచ్చి ఆ రెండు రోజులూ అంగట్లో కూర్చునేవాడు. ఆయనకు తీగ చుట్టడం రాదు. వచ్చిన మోటార్లు దించుకుని, మీద పేర్లు రాసిపెట్టి, అంగడి మూతపడలేదని ఊరికి తెలిసేటట్టు కూర్చునేవాడు, అంతే. చిన్నమ్మ చెల్లెలు వచ్చి ఆడపిల్లలను చూసుకునేది. ఎవరూ ఎవరినీ అడగలేదు. నువ్వు ఇది చెయ్యి, నేను అది చేస్తా అని మాట్లాడుకున్నదీ లేదు.

డయాలసిస్ అయ్యాక వాడు మా ఇంట్లో నా కూతురి మంచం మీద పడుకునేవాడు. పిక్కలు పట్టేసి మెలికలు తిరిగేవాడు. నేను కాళ్ళు రుద్దేదాన్ని. అన్నిటికంటే దప్పి వాణ్ణి ఎక్కువ బాధపెట్టింది. రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టరు చెప్పాడు.

"అక్కా, రోంత నీళ్ళు."

"ఇప్పుడే తాగితివి గదరా."

"నోరు తడుపుకుంటాలే. మింగను."

రెండు చెంచాలు ఇచ్చేదాన్ని. వాడు మింగేవాడు. ఇద్దరమూ చూడనట్టు ఉండేవాళ్ళం.

ఎనిమిది నెలలు అట్లా గడిచాక డాక్టరు, చిన్న వయసు, ఎవరైనా కిడ్నీ ఇస్తే మంచిదన్నాడు. పెళ్ళాం రక్తం గ్రూపు కలవలేదు. చిన్నమ్మ నేనిస్తానని ముందే లేచింది గానీ ఆమెకు చక్కెర జబ్బు, పనికిరాదన్నారు. ఒక ఆదివారం పులివెందులలో వాడి ఇంట్లో అందరం కూర్చున్నాం. అన్నాలు అయ్యాయి. చిన్నమ్మ ఎవరి మొఖమూ చూడకుండా చాప అంచు పీకుతూ ఉంది. చూస్తే అడిగినట్టవుతుందని ఆమె భయం.

నాది ఓ గ్రూపు. ఎవరికైనా పనికొస్తుందని నాకు తెలుసు. "నేను చూపించుకుంటా" అన్నాను.

చిన్నమ్మ తలెత్తలేదు. చాప పీకడం ఆపింది. అన్న అన్నాడు, "నాది వానిదీ ఒకటే గ్రూపు. నీకు సరిపడకపోతే నేనుండా. దాంట్లో ఏముంది, రెండుండాయి గదా" అని.

ఆయన నవ్వుతూ అన్నాడు గానీ ఆ మాట నిజం. ఆయన అట్లాంటివాడు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "నీ ఇష్టం" అన్నాడు. తర్వాత నాలుగు రోజులు మాట్లాడలేదు. నా కూతురు ఇంటర్ చదువుతోంది. అది నా గది వాకిలి దగ్గర నిలబడి, "నీకేమన్నా అయితే?" అని ఒక్కసారే అడిగింది. వాళ్ళ మీదికి నెట్టడానికి ఇది రాయడం లేదు. భయం నాది. కాలేజీలో పాఠం చెబుతూ చెబుతూ నా చెయ్యి తెలియకుండా నడుముకు పోయేది. అక్కడ కోస్తారు కదా అనుకునేదాన్ని. నలభై ఆరేళ్ళ వయసు దాకా నా ఒంటి మీద కత్తి పడలేదు. నా కూతురు కూడా మామూలు కాన్పే.

తిరుపతిలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. తమ్ముడు, వాడి పెళ్ళాం, నేను. మూడు రోజులు సత్రంలో ఉన్నాం. రక్తం తీశారు, స్కానింగులు చేశారు. నా రెండు కిడ్నీలూ నిక్షేపంగా ఉన్నాయన్నారు. కిడ్నీ మార్పిడి వ్యవహారాలు చూసే ఒకావిడ ఉంది, నా వయసే ఉంటుంది. మూడో రోజు నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచింది. తలుపు వేసింది. ఎదురుగా ఫారం పెట్టుకుని, "పేషెంటుకు మీరు ఏమవుతారమ్మా?" అని తెలుగులోనే అడిగింది.

అక్కను అనాలి. పుట్టినప్పటి నుంచి అదే అంటున్నాను. అక్కను, చిన్నాన్న కూతుర్ని అన్నా నిజమే.

నేను ఇంగ్లీషులో చెప్పాను. "కజిన్. హీ ఈజ్ మై కజిన్."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. చట్టంలో నియర్ రిలేటివ్ అంటే ఎవరెవరో చెప్పింది. తల్లి, తండ్రి, పిల్లలు, భార్య, భర్త, సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తాత, అవ్వ, మనవలు. కజిన్ అందులో రాదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. వారం కిందటే ఇంట్లో కూర్చుని ఆ చట్టం ఇంగ్లీషులో చదువుకున్నాను. అందుకే ఆ మాట వాడాను.

కానీ ఆవిడ అక్కడితో ఆపలేదు. "రాకపోయినా దారి ఉందమ్మా. కమిటీ ముందుకు పోవాలి. మీరు ఒకే కుటుంబమని తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ ట్రీ తేవాలి, ఇంకొన్ని కాగితాలున్నాయి. మిమ్మల్ని పిలిచి మాట్లాడతారు, డబ్బుకు ఇవ్వడం లేదని వాళ్ళకు నమ్మకం కుదరాలి. రెండు మూడు నెలలు పడుతుంది. ఇచ్చినవాళ్ళు ఉన్నారు" అంది. నావైపు కాసేపు చూసి మళ్ళీ అంది. "మీకు ఇష్టం లేకపోయినా చెప్పొచ్చు. బయట ఎవరికీ తెలియదు. ఒంటికి సరిపడలేదని మేమే చెబుతాం."

"ఆలోచించుకుని చెబుతాను" అన్నాను. ఏమేం కాగితాలు కావాలో రాసి ఉన్న షీటు ఒకటి ఇచ్చింది. మడిచి సంచిలో పెట్టుకున్నాను.

బయట వరండాలో స్టీలు కుర్చీల మీద వాళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. నన్ను చూసి వాడు లేచాడు.

"ఏమన్నారక్కా?"

"చట్టం ఒప్పుకోదంట. సొంత అక్క అయితేనే అంట."

వాడు నవ్వాడు. "నువ్వు సొంత అక్కవు కాదా?"

"వాళ్ళ లెక్కలో కాదంటరా."

వాడి పెళ్ళాం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడే ఆమెను సముదాయించాడు. "రూలుంటే అక్క ఏం చేస్తాది? ఏడవాకు" అన్నాడు. నా సంచి వాడే తీసుకుని భుజానికి తగిలించుకున్నాడు. బరువు మొయ్యొద్దురా అంటే వినలేదు.

రైల్వేకోడూరు దాటాక బస్సులో ఫోను వచ్చింది. పెద్దనాయన కొడుకు. విషయం చెప్పాను.

"అంటే, నేను గూడ పనికిరానా?" అన్నాడు.

నా పక్క సీట్లో తమ్ముడు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. ఒళ్ళో నా సంచి. అందులో ఆ షీటు.

"రావన్నా" అన్నాను. "నువ్వూ కజిన్ కిందికే వస్తావు."

"అంటే ఏంది?"

"వాళ్ళ దృష్టిలో దూరమోళ్ళ కింద లెక్క."

"దూరమా!" అన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే మాట అన్నాడు. తర్వాత, "నువ్వు సదువుకున్నదానివి, నీకు తెలుస్తాదిలే" అని పెట్టేశాడు.

మొదటి అబద్ధం భయంతో చెప్పాను. రెండోది చెప్పడానికి భయం కూడా కారణం కాదు. దారి ఉందని ఆయనకు చెబితే, ఆ దారి నాకూ ఉండిందని తెలిసిపోతుంది. అంతే. నా మాట నిలబడాలని ఆయన్ను కూడా ఆపేశాను.

ఆ షీటు బీరువాలో పాత ప్రశ్నపత్రాల కింద పెట్టాను. డయాలసిస్ మామూలుగా సాగింది. కొన్నాళ్ళకు పులివెందులలోనే మంగళవారం, శుక్రవారం వాడికి ఖాళీ దొరికింది, మా ఇంటికి రావడం తగ్గింది. నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. ప్రతిసారీ వాడి మొఖం ఇంకొంచెం నల్లబడి ఉండేది. చేతిమీద సూదులు గుచ్చే చోట నరం పాములా ఉబ్బి కనిపించేది. వాడి చిన్నకూతురు దానిమీద చెయ్యిపెట్టి లోపల గుర్రుగుర్రుమంటోందని నవ్వేది. చిన్నమ్మ నా కోసం ఉగ్గాని చేసి పెట్టి, నేను తింటుంటే, "ఇంగేమన్నా దారుండాదేమో ఆ ఇంగ్లీషు పుస్తకాల్లో రోంత సూడమ్మా" అనేది. చూస్తున్నానని చెప్పేదాన్ని.

ఐదు నెలలకు నా వల్ల కాలేదు. మంచిదాన్నయ్యానని కాదు. నిద్రపట్టక, తిండి పోక, పిల్లలకు ఏం చెబుతున్నానో నాకే తెలియని స్థితికి వచ్చి ఆ షీటు బయటికి తీశాను. ఎవరికీ చెప్పకుండా సెలవు పెట్టి, మా ఊరికి మండలమైన పెద్దముడియంలో తహసీల్దారు ఆఫీసుకు పోయాను. ఫ్యామిలీ ట్రీకి అర్జీ రాశాను. మా తాత పేరు పైన, కింద ముగ్గురు కొడుకులు, వాళ్ళ కింద మేము ముగ్గురం. వీఆర్వో ఊళ్ళో విచారించాలన్నాడు. నేను సరేనని ఇంటికొచ్చి తిరుపతి ఆవిడకు ఫోను చేశాను. ఆవిడ నన్ను గుర్తుపట్టింది. ఎందుకు ఇన్నాళ్ళయిందని అడగలేదు. పేషెంటుకు కొత్తగా గుండె పరీక్ష చేయించి రిపోర్టు పంపమంది.

వాణ్ణి కడపకు తీసుకుపోయి చేయించాను. దారి ఏదో ఉందంటున్నారు, ఇంకోసారి అడుగుదామని మాత్రం చెప్పాను. వాడు సంతోషపడ్డాడు. ఆ సంతోషం చూడలేక నేను మందులషాపుకు పోయి నిలబడ్డాను. గుండె బాగా బలహీనపడిందని రిపోర్టు వచ్చింది. తిరుపతి డాక్టర్లు చూసి, ఈ స్థితిలో ఆపరేషన్ తట్టుకోలేడు, మందులతో గుండె కొంచెం కోలుకుంటే మళ్ళీ చూద్దామన్నారు. అప్పుడు, ఆరు నెలల కిందట తీసిన పాత రిపోర్టు తీసి చూసుకున్నాను. అందులో గుండె బాగుంది.

కోలుకోలేదు. నెలన్నర తర్వాత ఒక శుక్రవారం పొద్దున, డయాలసిస్‌కు పోవాలని చొక్కా వేసుకుంటూ గుండీలు పెట్టుకోలేక మంచం మీద కూర్చున్నాడంట. "రోంత సేపాగి పోదాం" అన్నాడంట పెళ్ళాంతో. ఆటో వాకిట్లో ఉంది. నేను కాలేజీలో ఉన్నాను. ఫోను వచ్చినప్పుడు బోర్డు మీద ఏదో వాక్యం సగం రాసి ఉంది.

నేను పోయేసరికి అందరూ వచ్చేశారు. పెద్దనాయన కొడుకు అంగడికి పోయి షట్టరు దించి వచ్చాడు. రైతులు కొందరు ఇంకా తిరిగి తీసుకోని తమ మోటార్ల సంగతి ఎత్తకుండా అరుగు మీద కూర్చున్నారు. వేంపల్లె వాళ్ళు ఏడ్చేవాళ్ళను పట్టుకున్నారు, టెంటు వేయించారు, మజ్జిగ పంచారు. ఆడపిల్లలిద్దరినీ ఎవరింటికి పంపారో, ఎవరు స్నానం చేయించారో నాకు తెలియదు, జరిగిపోయింది. పదకొండో రోజు దినాలకు ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన పంక్తిలో అందరి ముందర నన్ను చూపించి, "కన్నతల్లి మాదిరి చేసింది తమ్మునికి. సొంత అక్కలు చెయ్యరు ఇంత" అన్నాడు. ఆకులో అన్నం అట్లే పెట్టి లేచాను. దుఃఖంతో లేచిందనుకున్నారు.

ఏడాది తిరిగాక చిన్నమ్మకు చెప్పాను. పులివెందులలో, మధ్యాహ్నం, కోడలు కుట్టుమిషను నేర్చుకోవడానికి పోయింది, పిల్లలు బడిలో. చిన్నమ్మ చేటలో కందిబేడలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నేను తిరుపతి గదిలో జరిగింది మొత్తం చెప్పాను. ఇంగ్లీషులో ఏమన్నానో, ఎందుకు ఇంగ్లీషులో అన్నానో చెప్పాను. ఆవిడ ఇచ్చిన షీటు సంగతి చెప్పాను. బస్సులో వచ్చిన ఫోను సంగతీ చెప్పాను.

చిన్నమ్మ చేట పక్కన పెట్టింది. "అంటే, దారుండిందా?"

"ఉండింది."

"ఎన్నాళ్ళు పట్టేది?"

"రెండు మూడు నెలలన్నారు."

వేళ్ళు మడిచి లెక్కబెట్టుకుంది. ఏ నెలకు అయ్యుండేదో చూసుకుంటోందని నాకు అర్థమైంది.

"భయపడినానని చెప్పింటే సరిపోయేది గదమ్మా" అంది చివరికి. గొంతు పెంచలేదు. "నిన్ను పట్టుకొచ్చి కోయిస్తామా మేము? నువ్వు గాకపోతే పెద్దోడిస్తాననె గదా. వాన్ని ఎందుకు ఆపితివి?"

కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది.

"నాకీ మాట చెప్పకపోయింటే బాగుండు" అంది. "వాని పేరు చెప్పుకొని ఏడ్సేదానికి నాకుండేది మీ ఇల్లొకటే. ఇప్పుడు యాడికి పోయేది నేను?"

కాసేపటికి కొంగుతో మొఖం తుడుచుకుని, "పెద్దోనికి మాత్రం చెప్పాకు. ఇచ్చింటే బతికుండునే అని వాడు కుళ్ళి కుళ్ళి సస్తాడు. కోడలికి గూడ వద్దు. దానికి ఇద్దరు ఆడపిల్లలుండారు, నీతో అవసరముంటాది" అంది. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

ఆ రోజు నుంచి చిన్నమ్మ మా ఇంటికి రాలేదు. ఫోను చేస్తే ఎత్తుతుంది. తిన్నావా అంటుంది, బిడ్డ బాగుందా అంటుంది, పెట్టేస్తుంది. పెద్దనాయన కొడుక్కి నేను ఇప్పటికీ చెప్పలేదు. ఆయన శెనగలు కొత్తగా రాగానే మూటకట్టి నాకు పంపిస్తాడు. ఆమె వద్దన్నదని ఆగానో, నాకది వీలుగా ఉందని ఆగానో నేను తేల్చుకోలేను. ఈ మాటలు ఆయన చదవడు. తమ్ముడి పెళ్ళాం చదువుతుందేమో. చదివితే తెలియనీ.

మొన్న వేంపల్లెలో ఒక పెండ్లికి పోయాను. కల్యాణమండపంలో ఆడవాళ్ళు కూర్చున్న వైపు చిన్నమ్మ కనిపించింది. కన్ను ఆపరేషన్ అయినట్టుంది, నల్లద్దాలు పెట్టుకుంది. ఎవరు తీసుకుపోయి చేయించారో నాకు తెలియదు, నాకు చెప్పలేదు. నేను పోయి పక్కన నిలబడ్డాను. పక్క కుర్చీ మీద పెట్టిన తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కూర్చున్నాను.

"బస్సుకొచ్చినావా?" అంది.

"ఊఁ" అన్నాను.

ముహూర్తం అయ్యేదాకా ఇద్దరమూ పందిరివైపే చూస్తూ కూర్చున్నాం.